సంతకు పోయిన నారప్ప ఎనుము

నారప్ప కూతురు చౌడమ్మకు టౌను కాలేజీలో బియస్సీ సీటొచ్చినాది. ఊర్లో సైన్సు చదివేకి పోయిన మొదటి ఆడపిల్ల ఆ పాపే అనుకోండి. ఫీజు సర్కారు కట్టె, మరి బుక్కులెవరు కొనిస్తారు? అంగట్లో ధర ఇని పాప బుక్కులు మళ్లా బల్ల మీదే పెట్టేసినాదంట. వాళ్ల నాయనకు ఫోను చేసి చెప్తే, దానికేంలే పాపా, ఈ శుక్కురారం ఎనుమును సంతకు తోలకపోతా అన్నాడు. పాలిచ్చే ఎనుమబ్బా అది! ఆ ఇంట్లో అందరి కూడూ దాని పొదుగు కిందే ఉండాది. దాన్ని అమ్మనియ్యకూడదనుకున్నాది పాప.

అప్పుడేమైందంటే, పాప కాలేజీ లైబ్రరీకి పోయినాది. ఒక సెట్టు ఇయ్యండి సార్ అంటే, ఉన్నవన్నీ ముందే పట్టకపోయినారమ్మా అన్నాడంట లైబ్రరీ సారు. ఆయన ఎనక గదిలో సూస్తే బుక్కులు గుట్టగా పడుండాయి. అవేంది సార్ అంటే, అట్టలూడి పేజీలు జారిపోయినవి, తూకానికి అమ్మేస్తాం అన్నాడు. పాప ఒకటి తీసి సూసినాది. కుట్టు తెగింది గానీ అచ్చరాలు యాడికీ పోల్యా! ఇనండి, ఈ పిల్ల వాళ్లమ్మతో పాటు శనక్కాయల గోతాలు కుట్టిన పిల్ల. ఇవన్నీ నేను కుడతా సార్, పరీచ్చలయ్యేదాకా నాకొక సెట్టు ఇయ్యండి అనింది. రూలు ఒప్పుకోదమ్మా అన్నాడాయన. ఆయన తప్పు గాదులే, ఆయన పైనా ఒకరుంటారు గదా. పాప నేరుగా ప్రిన్సిపాలు మేడం కాడికే పోయినాది. సరే, ఒకటి కుట్టి సూపించు పో అనిందంట ఆయమ్మ.

పాప దబ్బనంతో బొక్కలు పొడిచి, మైనం రుద్దిన దారంతో కుట్టి, మైదాపిండి ఉడకబెట్టి అట్ట అతికించి, పైన బరువు పెట్టి ఆరబెట్టినాది. శుక్కురారం పొద్దున్నే తీసకపోయి మేడం ముందర పెట్టె. మేడం అట్ట పట్టుకోని ఎత్తి ఇదిలించినాదంట. ఒక్క పేజీ రాలితే ఒట్టు. ఇంగా గట్టిగా ఇదిలించినాది. ఊహూ. లైబ్రరీ సారును పిలిచి, "ఆ గది తాళం ఈ పిల్లకియ్యండి" అనింది.

పాప నాయనకు ఫోను చేస్తే, ఫోను ఇంట్లో మోగతాంది, ఆయన సంతలో ఉండాడు. ఆ బుక్కు చేతబట్టుకోని బస్సెక్కి సంతకు ఉరికినాది. ఆడ దళారీ, నారప్పా తువ్వాల కింద చేతులు పెట్టి, యేళ్లు పట్టి ధర చెప్పుకుంటా బేరమాడతాండారు. బేరం దాదాపు కుదిరినట్టే. పాప పోయి ఎనుము పగ్గం పట్టుకున్నాది.

"నాయనా, చెయ్యి తీ. బుక్కులొచ్చినాయి."

"అప్పు చేసినావా?"

"ల్యా నాయనా. కుట్టినా."

నారప్పకు చదువు రాదు. బుక్కు తీసుకోని, గోతం కుట్టు సూసినట్టు గోటితో లాగి సూసినాడంట. బిర్రుగా ఉండాది. తువ్వాల దులిపి బుజాన ఏసుకున్నాడు. దళారీ ఏమేమో అంటాంటే ఎవరింటారు?

ఆ యేడు ఆ క్లాసులో సగం మంది చౌడమ్మ కుట్టిన బుక్కులే చదివినారంట. చౌడమ్మకు ఫస్టు క్లాసు, ఇంగేమనుకుంటిరి! అది తర్వాత మాట. ఆపొద్దు మాత్రం నారప్ప ఎనుమును తోలుకోని పెండ్లికొడుకు మాదిరి నడిచొస్తాండాడు. ఏమప్పా, కొనేవాళ్లు దొరకల్యానా అని దావలో ఒకాయన అడిగినాడు. "దొరికినారు, అమ్మేవాడే దొరకల్యా" అన్నాడు నారప్ప. అడిగినాయన ఎవరనుకుంటిరి, నేనే. ఆ ఎనుమును కొందామనే సంతకు పోతాంటి. అంత మంచి ఎనుము నాకు ఇంతవరకూ మళ్లా దొరకల్యా. దొరక్కపోతే పోయిందిలే.