భుజాన మూటతో చెప్పుల కొలత

"అమ్మమ్మా, ఈ ఆదివారం దోస్తులతోని అడవి గుట్టలకు పోతున్న. మూడు దినాలు నడకే. ఈ బూట్లు తెప్పించుకోనా?"

ఏదీ, ఫోనిటియ్యి. నా కండ్లద్దాలు ఆ టీవీ పక్కనుంటయి చూడు. ఆఁ, రంగు బాగనే ఉంది. సరేగానీ, కొలత ఎప్పుడు తీసుకున్నవ్? పొద్దున లేవంగనే, మంచం మీద కూసొనా? అవ్, నవ్వు. నీ వయసుల నేను గూడ గిట్లనే నవ్విన. కూసో, చెప్త.

నాకు టీచరు నౌకరి వచ్చిన కొత్తల సంగతి. మాది వేంసూరు గదా, పోస్టింగేమో మణుగూరు అవుతల, అడవిల. బొగ్గుబాయిల దాక బస్సుండె. ఆడ దిగి పది మైళ్లు నడవాలె. అప్పుడు అందరం మైళ్లే అంటుంటిమి. ఆర్డరు అందిన పదిహేను దినాలల్ల చేరకుంటే ఆ నౌకరి ఇంకొకరికి పోతది. మా నాయినకేమో నన్ను గంత దూరం పంపుడు ఇష్టం లేకుండె. "గడువు దాటిందంటే ఇంటికాడనే ఉండాలె, మళ్ల నన్ను అడగొద్దు" అన్నడు. నేను సరేనన్న. ఆయనతోని పంతం పట్టి గెలిచినోళ్లు మా ఇంట్ల ఎవరూ లేకుండిరి, మా మేనత్త తప్ప. ఆమె సంగతి వేరే లే, ఆమె అంటే ఎద్దులు గూడ తోవిచ్చేటియి.

అడవిల నడవాలంటే చెప్పులు కావాలె గదా. ఖమ్మంల మస్తాన్ భాయ్ అని చెప్పులు కుట్టే ఆయన ఉండె. ఆడోళ్ల కాళ్లు కొలిచేది ఆయన భార్య, బీబమ్మ. వాళ్ల దుకాణంల ఒక రివాజుండె. దూరం నడిచేటోళ్లు ఎవరొచ్చినా సరే, దినమంతా తిరిగి తిరిగి పొద్దుగూకే యాళ్లకు రమ్మంటరు. వచ్చినంక భుజాన తోలుముక్కల మూట ఒకటి పెడతరు. ఆ బరువుతోని నిలవడితే, అప్పుడు కాలు కింద కాయితం పెట్టి పెన్సిలుతోని చుట్టూ గీస్తరు.

బీబమ్మ నా దిక్కు మూట జరిపింది. నేను బజారు దిక్కు చూసిన. నిండ జనం. కొత్తగ టీచరమ్మనైన, హమాలీ లెక్క మూటెత్తుకొని నలుగురిట్ల నిలవడాల్నా? అదీగాక నేను పోయింది పొద్దుగాల, బస్సు దిగంగనే. స్టూలు మీద కూసొని కాలు చాపిన.

బీబమ్మ ఒక్కటే మాటన్నది. "కూసున్న కాలు వేరే బేటీ, మోసే కాలు వేరే."

నేను నవ్విన. పైంగ, మడమ వెనక సన్న పట్టీ రావాలె, ముందర కొస సన్నంగ ఉండాలె అని చెప్పిన. పద్దెనిమిది రూపాయలు తీసుకున్నరు... కాదు కాదు, ఇరవై రెండు. పద్దెనిమిది మా అన్న చెప్పులకు. ఆ సన్న పట్టీ కుట్టుటానికే నాలుగు దినాలు పట్టింది. గట్ల గట్ల గడువు ఆఖరి రోజుకొచ్చింది.

ఆ రోజు బస్సు దిగిన. ఒక భుజాన పరుపుచుట్ట, ఇంకో భుజాన సంచి నిండ పుస్తకాలు. మొదటి మైలు రాణి లెక్క నడిచిన. రెండో మైలుకు చెప్పు చిటికెనవేలును కరవబట్టింది. మూడోదానికి మడమ. బరువుకు కాలు పరుచుకుంటదని నాకు అప్పుడు తెలిసింది, పిల్లలకు సైన్సు చెప్పబోయేదాన్ని. విప్పి చేతుల పట్టుకుందామంటే కింద పల్లేరుకాయలు, కాలిన కంకర. ఒక ఇప్పచెట్టు కింద కూలబడ్డ. వాచీల ఒకటిన్నర దాటింది. హెడ్మాస్టరు సారు ఐదింటికి బడి మూసి పోతడని బస్సుల చెప్పిండ్రు. ఇంకా ఆరు మైళ్లుంది. ఏడుపొచ్చింది బిడ్డా. కాళ్ల నొప్పికి కాదు, మా నాయిన మాటకు.

గప్పుడే సంత నుంచి ఒక కోయామె వచ్చింది. జోగమ్మ అని పేరు తర్వాత తెలిసింది. నెత్తిన ఉప్పు, ఎండుచేపల గంప. కాళ్లకు టైరు చెప్పులు. ఆమెకు తెలుగు కొంచెమే వచ్చు, నాకు కోయ భాష అసలే రాదు. "బడికా?" అన్నది. "బడికే" అన్న. నా కాళ్లు చూసింది, చెప్పులు చూసింది, పాపం నవ్వు ఆపుకుంది. రెండు మోదుగాకులు తెంపి, మడతపెట్టి, పట్టీకి మడమకు నడుమ ఇరికించింది. పరుపుచుట్ట ఎత్తి గంప మీద పెట్టుకుంది. పుస్తకాల సంచి గూడ గుంజుకుంది, ఇయ్యనంటే వినదు.

నువ్వు నమ్మవు, బరువు దిగంగనే చెప్పు కరుసుడు సగం తగ్గింది. మస్తాన్ భాయ్ తప్పేం కుట్టలే. నేనిచ్చిన కాలుకు సరిగ్గనే కుట్టిండు.

వాగు దాటి పొయ్యేసరికి సారు తాళం వేస్తుండు. నన్ను చూసి మళ్ల తీసిండు. "ముందు సంతకం పెట్టమ్మా, తర్వాత కూసుందువు" అన్నడు. పెట్టిన. గప్పుడు గడప మీదనే కూసున్న.

బయట జోగమ్మ సామాను దించుకుంట సారుతోని కోయ భాషల ఏదో అన్నది. సారు పడి పడి నవ్విండు. ఏంది సారూ అని అడిగితే మొహమాట పడ్డడు, ఆఖరికి చెప్పిండు. "నీకంటే ముందు ఇద్దరు సార్లు వచ్చిండ్రమ్మా. మంచి బూట్లు వాళ్లయి. తెల్లారే వాపసు నడిచిపోయిండ్రు. ఈ పిల్ల చెప్పులు చూస్తే ఎటూ పోయేటట్టు లేదు, ఇగ మన పిల్లలకు చదువొస్తది అంటున్నది."

పోలే. ఆరేండ్లు ఆడనే ఉన్న. కాళ్లు మానుటానికి పది దినాలు పట్టె, గన్ని దినాలు జోగమ్మ టైరు చెప్పులేసుకొనే బడికి పోయిన. ఆమె బిడ్డకు అ ఆలు నేనే దిద్దించిన.

అందుకని, ఆ ఫోను పక్కన పెట్టు. సాయంత్రం మందపు మేజోళ్లు తొడిగి, నువ్వు మోసే సంచి నింపి, భుజానేసుకొని దుకాణానికే పో. నవ్వేటోళ్లను నవ్వనియ్యి. బూటు ముందర కొంచెం జాగ ఉండాలె, గుట్ట దిగేటప్పుడు వేళ్లు ముందుకు జరుగుతయి. కొన్నంక వారం దినాలు మన వాడల్నే తిరుగు. ఈ ఆదివారమా? పై ఆదివారం పోండ్రి, గుట్టలు ఏడికి పోతయి.

కాలికి ముల్లు ఇరగొద్దని నేను దీవించను బిడ్డా. అడవన్నంక ఇరుగుతది. ఇరిగిననాడు పక్కన కూసొని తీసేటోళ్లుండాలె నీకు. ఇంకెవరికన్న ఇరిగితే, నువ్వు కూసొని తీయాలె. గంతే... లెవ్వు, మీ తాత మందపు మేజోళ్లు ఆ అలమారల కింది అరల ఉండాలె, లేకుంటే ఆ పెట్టెల...