వాలునేలను కాపాడిన బకెట్టు

1983 ఏప్రిల్ ఐదవ తేదీన, రేవు పక్కనున్న మా ఊరి బీరు కర్మాగారంలో శ్రీమతి ఇంగెలీసె థోర్సేగర్ గారు నేల కడిగే ఉద్యోగినిగా చేరారు. 1937లో కట్టిన ఆ తెల్లని కాంక్రీటు సౌధంలో అలంకారమన్నది మచ్చుకైనా లేదు. బార్లీ గింజలు పై అంతస్తుకెక్కి, తమ బరువుతో తామే ఒక్కొక్క అంతస్తు దిగుతూ పని ముగించుకునేలా, వీధిన పోయేవారికి గాజుగోడ వెనుక రాగి కాగులు తళతళలాడేలా నిర్మించిన ఆ భవనానికి పనే అందం. ఆ మాట ఇంగెలీసె గారికీ అక్షరాలా వర్తిస్తుంది.

పులియబెట్టే శాలలో పదకొండేళ్లు నేల కడిగి, అనంతరం యంత్రాల పర్యవేక్షకురాలిగా పదోన్నతి పొందిన వారు, 2002లో తయారీ నిలిచి భవనం పురపాలక సంఘం చేతికి వచ్చాక దాని సంరక్షణ భారం స్వీకరించారు.

నాలుగేళ్లకే గండం వచ్చిపడింది. ఆ శాల నేల కుంగిపోయిందని, కూల్చివేతే శరణ్యమని తనిఖీ ఇంజనీరు గారు నివేదిక రాశారు. సంతకం పెట్టేముందు కళ్లారా చూద్దామని పురపాలక అధ్యక్షులు బెంట్ గారు విచ్చేశారు.

"చూశారా? ఈ గోడ నుంచి ఆ స్తంభం దాకా జానెడు పల్లం. ఇక నిలవదండీ," అన్నారు ఇంజనీరు.

ఇంగెలీసె గారికి ఒళ్లు మండింది. వెళ్లి బకెట్టుతో నీళ్లు తెచ్చారు.

"బూట్లు జాగ్రత్త బాబూ!" అంటూ కుమ్మరించారు. నీళ్లు నేరుగా దగ్గరి తూములోకి జారిపోయాయి. ఆరు చోట్ల ఆరు బకెట్లు పోస్తే ఆరూ ఆరు తూముల్లోకి పోయాయి. ఎక్కడా చుక్క నిలవలేదు.

"కుంగిన నేల లెక్కపెట్టుకుని ఆరు తూములకీ ఆరు వాలులు పెట్టుకుంటుందా అండీ? కడగడానికి వీలుగా కట్టినాయనే పెట్టాడు. పదకొండేళ్లు కడిగాను, చీపురుతో నీళ్లు తోసే పనే పడలేదు!"

"మరి నా బూట్ల సంగతో?" అన్నారు తడిసిన అధ్యక్షులు.

"అవీ శుభ్రపడ్డాయి లెండి!"

బెంట్ గారు పకపకా నవ్వి, నివేదికను వెనక్కి పంపేశారు.

నేడు ఆ శాలే మా గ్రంథాలయం. వాలునేల మీద మా బల్లలు నిలబడుతున్నాయంటే, ప్రతి కాలి కింద ఇంగెలీసె గారు స్వహస్తాలతో కోసి అమర్చిన చెక్కముక్కల చలవే. నేల సమం చేయిద్దామని మాలో కొందరు గొణిగిన మాట వారి చెవిన పడనే పడింది.

"బల్ల ఊగితే నాకు కబురు పెట్టండర్రా, చెక్క కోసుకొస్తాను. నేల జోలికి మాత్రం పోకండి," అన్నారు తమ వీడ్కోలు సభలో. దాని జోలికి పోబోమని అందరం మాటిచ్చాం.

అరవై ఏడేళ్ల వయసున విశ్రాంతి స్వీకరిస్తున్న ఈ సహృదయురాలు సంపూర్ణారోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. మా బల్లలు ఊగకపోయినా సరే, ఊగుతున్నాయని అబద్ధమాడి అయినా వారిని పిలిపించుకుంటూనే ఉంటాం.