ఇంకొక్క అధ్యాయం

ప్రొఫెసరుగారి ఇంట్లో ఆయన చదువుకునే గది. సాయంత్రం ఆఫీసు మూసేలోగా ఆయన సంతకం పడకపోతే, ఎదురుగా నిలబడ్డ అమ్మాయి పరిశోధన రద్దవుతుంది.

“నన్నిలా ఆపింది మీరే సార్. ఇంకెవరూ కాదు.”

“నేనా? పని పూర్తి కాలేదమ్మా. స్కాలర్ అన్న మాట పుట్టుక రాశావు, బాగుంది. గ్రీకు భాషలో దాని మూలం తీరిక అన్నావు, అదీ నిజమే. ఆ తీరిక కాస్తా చదువెలా అయింది? తేల్చావా? ఇంకొక్క అధ్యాయం...”

“పోయినేడూ ఇంకొక్కటే అన్నారు.”

“తొందరెందుకు?”

“ఆఫీసు మూసేస్తారు సార్.”

“మూస్తే మళ్ళీ తెరుస్తారు.”

“నాకు తెరవరు. రేపట్నించి నా పేరే ఉండదక్కడ.”

“అది సరేగానీ, డిగ్రీ వాళ్ళ పేపర్లు దిద్దావా?”

“దిద్దాను. మీ మనవణ్ణి బడి నుంచి తెచ్చాను. గ్యాస్ బండ మోసుకొచ్చాను.”

“చూశావా, నీకెంత తీరికుందో.”

“ఆ తీరిక మీది సార్. నేను చాకిరీ చేస్తే మీకొచ్చింది. గ్రీకువాళ్ళకి మాత్రం ఊరికే వచ్చిందా? ఎవరో నీళ్ళు మోశారు, ఎవరో గిన్నెలు తోమారు. అప్పుడు వాళ్ళు కాళ్ళు బారజాపుకుని చదువుకున్నారు. మీరడిగిన అధ్యాయం ఇదే. రాసేశాను. చివర్న ఉంది, చూడండి.”

“ఏదీ... ఇది పరిశోధనా? మైకు ముందు ఉపన్యాసం. తీసెయ్.”

“తియ్యను.”

“అయితే సంతకం లేదు. నీళ్ళలో ఉండి మొసలితో వైరమా?”

“మొసలినని మీరే ఒప్పుకున్నారు.”

“నోరు బాగా పెరిగింది. నాకు మీటింగుంది, జరుగు. ఇదేంటి, తలుపు రావట్లేదు!”

“గట్టిగా లాగండి.”

“లాగుతూనే ఉన్నా. ఇది నీ పనేనా?”

“నేనూ లోపలే ఉన్నా కదా సార్.”

“ఏమోయ్, హాల్లోనే ఉన్నావా, వింటున్నావా? బయట గొళ్ళెం పడినట్టుంది. తియ్.”

“పడలేదండీ. వేశాను.”

“వేశావా? మతి గానీ పోయిందా? అవతల మీటింగుందంటే...”

“ఉండనీండి. పెళ్ళికి ముందు నేనూ మీ దగ్గర స్కాలర్నే. ఆ అమ్మాయికి ఎప్పుడైనా చెప్పారా?”

“ఇప్పుడెందుకా పురాణం?”

“అమ్మా, మీరా?”

“నేనే తల్లీ. ఆ బల్ల దగ్గరే నాకూ ఇంకొక్క అధ్యాయమన్నారు. రాస్తూ రాస్తూ వంటింట్లో తేలాను.”

“తలుపు తియ్యవే, తర్వాత మాట్లాడుకుందాం.”

“ఆ తర్వాతలోనే నా జుట్టు నెరిసింది. అమ్మాయ్, ఆయన చేతికి పెన్నివ్వు. ఏమండీ, ఆ అధ్యాయంలో ఒక్క ముక్క తియ్యకుండా సంతకం పెట్టి, కాగితం తలుపు కిందనుంచి ఇటు తొయ్యండి. నేను చూశాకే గొళ్ళెం తీస్తాను.”