పంతులమ్మ మాట

లండన్‌లో స్థిరపడిన బెంగాలీ నవలాకారిణి సుప్రీతి సాన్యాల్ నవలను బడిపంతులమ్మ రజిత తెలుగు చేసింది. ప్రచురణకర్త ఫోన్ చేసేసరికి ఆమె జనగామ బస్టాండులో ఉంది.

“ప్రూఫులు చూశారా రజితగారూ?”

“చూసిన సార్. నవలల ఉన్న తల్లి మాటలన్నీ ఎవరు మార్చిన్రు?”

“నేనే. ఆవిడ పంతులమ్మ కదా, భాష కాస్త శుభ్రంగా ఉండాలని.”

“మరి అండ్లనే ఉన్న దొంగోని మాటలు ఎందుకు మార్చలే?”

“వాడికి మీ యాస బాగా నప్పిందండీ.”

రజితకు ఒళ్లు మండిపోయింది.

“గా ఇద్దరిది ఒక్కటే ఊరు సార్. బెంగాలీ పుస్తకంల ఒక్క తీరుగనే మాట్లాడుతరు.”

“పాఠకులకు అర్థం కావాలి కదా.”

“దొంగ మాట్లాడితే అర్థమైతది గని, పంతులమ్మ మాట్లాడితే కాదా? నేను సుత పంతులమ్మనే. పిల్లలకు గిట్లనే పాఠం చెప్త.”

“అలాగైతే పుస్తకం వేయలేమండీ.”

“వెయ్యకున్రి. నా రాతప్రతి వాపస్ పంపున్రి.”

“రెండేళ్ల కష్టమండీ. కోపంలో పాడుచేసుకోకండి.”

“కలకత్తల నవ్విన్రని సుప్రీతిగారు తన పల్లె మాట మార్చలే. లండన్ల బతుకుకుంట గూడ అన్ని నవలలు గా మాటల్నే రాసింది. ఆమె గంత దూరంల పట్టుకున్నదాన్ని నేను జనగామల ఇడిచిపెట్ట సార్.”