బయట బిగించిన గడియ

స్టేషన్‌లో ఎస్ఐ మేడమ్ ఎదుట నేను చెప్పగా రైటర్ గారు రాసుకున్న వాంగ్మూలం ఇది. నా పేరు పైన రాసుకున్నారు. వయసు ఇరవై రెండు. ఐదో తరగతి దాకా చదివాను. లాండ్రీలో ఇస్త్రీ అయిన చొక్కాలు మడతపెట్టే పని చేస్తాను. నా భర్త బజారు మూలన తాళాలు బాగుచేస్తారు, మారు తాళంచెవులు చేసిస్తారు. అందరూ ఆయన్ని తాళాలాయన అంటారు. నేను మెల్లగా మాట్లాడతానని రైటర్ గారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

నేను దొంగను కాను. తాళం తీసింది మాత్రం నేనే. ఇంట్లోంచి ఏమీ తీసుకోలేదు. ఆ ఇల్లు మాదే. అది ఇంకా నా ఇల్లేనా కాదా అన్నది ఇవాళ పొద్దున నాకే తెలియదు. అందుకే మొదటినుంచీ చెప్తాను.

మా స్నానాలగదికి లోపల గడియ లేదు. పెళ్ళై ఆ ఇంట్లో దిగిన రోజునుంచీ లేదు. వీధిలో ప్రతి తలుపుకూ ఆయన బిగించిన తాళమే ఉంది. మా గడియ సంగతి అడిగితే మాత్రం "రేపు పెడతాలే" అనేవారు. నేను బకెట్టు నిండా నీళ్ళు పట్టి తలుపుకు అడ్డం పెట్టుకునేదాన్ని. ఆ నీళ్ళతోనే స్నానం కాబట్టి, స్నానం అయ్యేకొద్దీ బకెట్టు తేలికైపోయేది. "పాట పాడు, లోపల ఉన్నావని తెలుస్తుంది" అన్నారు ఆయన. నాకు పాటలు రావు. ఎక్కాలు వచ్చు. రాగం తీసి ఎక్కాలు చదివేదాన్ని.

కిందటి నెల ఆయన మేనమామ వచ్చారు. పెద్దమనిషి. ఆయన వింటుండగా ఎక్కాలు చదవటానికి సిగ్గేసి నోరు మూసుకుని స్నానం చేశాను. చప్పుడు లేదు కదా అని ఆ పెద్దాయన తలుపు తోశారు. బకెట్టు అప్పటికి ఖాళీ. నేను అరిచాను. ఆయన నాకంటే గట్టిగా అరిచారు. అన్నం కూడా తినకుండా, కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని వెళ్ళిపోయారు. ఇందులో ఎవరి తప్పూ లేదు మేడమ్.

తప్పు మర్నాడు జరిగింది. మధ్యాహ్నం కారియర్ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను. నలుగురు చుట్టూ మూగి ఉన్నారు. మా ఆయన భుజం మీద తువ్వాలు వేసుకుని మేనమామలా నడిచి చూపిస్తున్నారు. తర్వాత నాలాగా కీచుమని అరిచి చూపించారు. టీ కొట్టాయన నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. అద్దాలమ్మే ఆయన "అన్నా, మళ్ళీ ఒక్కసారి" అన్నాడు. మళ్ళీ చేశారు. నేను వాళ్ళ వెనకే నిలబడి ఉన్నాను. కారియర్ బల్ల మీద పెట్టేసి అట్నుంచి అటే అక్క ఇంటికి వెళ్ళిపోయాను.

ఆయన కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషి కాదు. మళ్ళీ చేశారు. అదే నా బాధ.

అక్క అంది, "నలుగురిలో నవ్వులపాలు చేసినవాడితో కాపురమేంటే? బట్టలు తెచ్చేసుకో. లాయరమ్మ దగ్గరికి నేను తీసుకెళ్తా."

బావ అన్నారు, "జడ్జిగారు కారణం అడిగితే ఏం చెప్తుంది? బకెట్టు ఖాళీ అయిందనా?"

"మీరు ఊరుకోండి. మీ మగజాతి అంతా ఒకటే."

"నేనేం చేశానే? మన బాత్రూముకి రెండు గడియలున్నాయి!"

నేను వాళ్ళ మధ్య కూర్చుని బఠానీలు ఒలిచాను. ఆయన ఒకసారి వచ్చారు కానీ అక్క గుమ్మం దాటనివ్వలేదు. "ఏం మరిదీ, ఇక్కడ కూడా ఆడి చూపిస్తావా?" అంది. తల దించుకుని వెళ్ళిపోయారు. నేను కిటికీలోంచి చూశాను. చొక్కా ఇస్త్రీ లేదు.

రేపు లాయరమ్మ దగ్గరికి వెళ్ళాలని అక్క ఖాయం చేసింది. అందుకే ఇవాళ లాండ్రీకి సెలవు పెట్టి, ఆయన దుకాణంలో ఉండే వేళ చూసి, పదిన్నర ప్రాంతంలో బట్టల కోసం ఇంటికి వెళ్ళాను. నా దగ్గరున్న తాళంచెవి పట్టలేదు. తలుపుకు కొత్త తాళం ఉంది. నేను విడిపోవాలా వద్దా అని ఇన్నాళ్ళూ తల బద్దలు కొట్టుకుంటుంటే, ఈయన అప్పుడే తేల్చేశారనుకున్నాను. కోపం వచ్చింది. జడలోంచి పిన్ను తీసి తాళం తీశాను. అది ఆయన దగ్గర చూసి నేర్చుకున్న విద్యే. తాళం తెరుచుకోగానే ఎంతో సంబరం వేసింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

లోపలికి వెళ్తే స్నానాలగది గుమ్మం దగ్గర చెక్కపొట్టు పడి ఉంది. తలుపుకు గడియ వచ్చింది. మామూలుది కాదు, పెద్ద దుకాణాలకు బిగించే ఇత్తడి గడియ. తలుపు దగ్గరికి వేస్తే చాలు, తానే పడుతుంది. నిగనిగలాడుతోంది. లోపలికి వెళ్ళి వేసుకుంటే ఎలా ఉంటుందో చూద్దామని వెళ్ళి తలుపు వేశాను. టక్కున పడింది. తీద్దామని చూస్తే, లోపలివైపు ఉత్త చెక్కే ఉంది. గడియంతా బయట ఉంది.

అరచేత్తో చెక్కంతా తడిమి చూశాను. తర్వాత నవ్వొచ్చింది. మేడమ్, ఆయన ఇన్నేళ్ళూ దుకాణాలకీ గోడౌన్లకీ తాళాలు వేసిన మనిషి. అవన్నీ బయటినుంచే వేస్తారు. లోపల ఉన్న మనిషి వేసుకోవాల్సిన గడియ ఆయన చేతికి కొత్త.

గట్టిగా అరవటం నాకు చేతకాదు. గట్టిగా వచ్చింది ఎక్కాలే. రెండో ఎక్కం నుంచి మొదలుపెట్టాను. ఏడో ఎక్కంలో ఉండగా ఎదురింట్లో కొత్తగా దిగిన కళ్ళజోడు పిన్నిగారు వచ్చారు.

"ఎవరే లోపల?"

"నేనేనండీ, ఈ ఇంటావిడని."

"ఈ ఇంట్లో ఆవిడెవరూ లేరు! పాపం, ఆ అబ్బాయి ఒక్కడే చేయి కాల్చుకుంటున్నాడు."

ఆవిడ స్టేషన్‌కి ఫోన్ చేశారు. "దొంగ బాత్రూములో కూర్చుని సామాను లెక్కపెట్టుకుంటోంది" అని చెప్పారట. ఆవిడ మీద నాకు కోపం లేదు. చేయి కాల్చుకుంటున్నాడన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది.

కానిస్టేబుల్ గారు ఆయన్ని దుకాణం నుంచి తీసుకొచ్చారు. వీధంతా మా ఇంట్లోనే ఉన్నట్టు చప్పుడు. ఆయన తలుపు దగ్గరికి వచ్చి, "నువ్వేనా?" అన్నారు.

"నేనే. ఏమండీ, బయట బిగించారేంటి?"

గడియను వేలితో తట్టి చూసుకున్న చప్పుడైంది. తర్వాత "అయ్యో" అన్నారు. "పొద్దున్నే బిగించాను. బయటినుంచి పదిసార్లు వేసి చూసుకున్నాను. భలేగా పనిచేసింది."

"మరి వీధి తలుపుకి కొత్త తాళం ఎందుకు?"

"పాత తాళం మందుల షాపాయన అడిగితే ఇచ్చాను. వాళ్ళ షాపు తాళం బాగయ్యేదాకా."

ఎదురుగా ఉంటే నవ్వి ఉండేదాన్ని కాదు. మధ్యన తలుపు ఉంది కాబట్టి నవ్వాను.

పిన్నిగారు ఫిర్యాదు చేశారు కాబట్టి ఇద్దరం స్టేషన్‌కి రావాల్సి వచ్చింది. ఇక్కడ జరిగింది మీకు తెలుసు, కానీ రాయించుకోండి. మీరు ఆయన్ని "ఏం జరిగిందయ్యా?" అని అడిగారు. కానిస్టేబుల్ గార్లు నవ్వటానికి సిద్ధంగా చుట్టూ చేరారు. ఒకాయన "మేనమామ వచ్చినప్పటిది బజారంతా చెప్పుకుంటున్నారు, అది కూడా ఒకసారి చేసి చూపించు" అన్నారు. మా ఆయన నావైపు చూశారు.

"ఆవిడనే అడగండి మేడమ్. ఆవిడ చెప్తే చెప్తుంది, లేకపోతే లేదు. నాకు కథలు చెప్పటం రాదు" అన్నారు.

బజారులో ఎవరు విన్నా పడీ పడీ నవ్వే అబద్ధం అది. నలుగురు చుట్టూ చేరి అడిగినా ఆయన నోరు విప్పకపోవటం పెళ్ళయ్యాక నేనెన్నడూ చూడలేదు. చేతులు కట్టుకుని, పెదవులు బిగించుకుని నిలబడ్డారు. చెవులు ఎర్రబడ్డాయి. మీరు మళ్ళీ అడిగారు. మళ్ళీ చెప్పలేదు.

విడిపోవటం గురించి ఏం అనుకున్నావని మీరు అడిగారు. అక్క చెప్పింది తప్పు కాదు. నవ్వులపాలు చేశారు, నిజమే. రేపు లాయరమ్మ దగ్గరికి వెళ్ళటం లేదు. అక్కకు నేనే చెప్తాను, తిట్టినా పడతాను. కానీ గడియ లోపలికి మార్చేదాకా ఆ ఇంట్లో అడుగుపెట్టను. మారుస్తానని ఆయన అన్నారు. రేపు అనలేదు, ఇవాళే అన్నారు. ఇంకోమాట. నా సంగతులు చెప్పి నవ్వించాలంటే నేనే నవ్విస్తాను. నాకూ వచ్చని ఇప్పుడే తెలిసింది. రైటర్ గారు రెండుసార్లు కలం ఆపి నవ్వారు.

రాసిందంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పిందే ఉంది. ఎవరూ బెదిరించి చెప్పించలేదు, నేను కల్పించి చెప్పలేదు. బయట బల్ల మీద కూర్చున్న ఆయనకు మాత్రం ఇది చదివి వినిపించకండి. ఇంటికి వెళ్ళాక నేనే చెప్తాను, మేనమామ నడకతో సహా.

వేలిముద్ర అక్కర్లేదు. సంతకం వచ్చు.

(సంతకం)