నక్కను పట్టిన చెవులు నావి కావు

సభకు అధ్యక్షత వహిస్తున్న విద్యమ్మకి, ముందు వరసలో కూర్చున్న డాక్టర్ కేశవరావు గారికి, ఓక్‌విల్ నుంచీ ఒషావా నుంచీ డ్రైవ్ చేసుకుని ఈ ఏజాక్స్ హాలుకి వచ్చిన పెద్దలకి, కాలేజీ పిల్లలకి, మా ఆవిడ సరోజనకి నమస్కారాలు.

ముందుగా క్షమించాలి. నాకు మాట్లాడటం రాదు కనుక కాగితం మీద రాసుకొచ్చాను. మా ఊరి బడిలో ఏడో తరగతితో ఆగిన చదువు. దస్తూరీ కోడిగీతలు, ఒత్తులు ఎక్కడ పడితే అక్కడ ఉన్నాయి. ఈ కాగితం, మధ్యలో సభలో జరిగింది కూడా రాసి, మన రేడియో క్లబ్బు ఫైల్లో పెడతానని విద్యమ్మ అంది. ఆ తర్వాత చదివేవాళ్ళు సర్దుకోవాలి. ప్రస్తుతానికి చదివేది నేనే కాబట్టి కష్టమూ నాదే. (నవ్వులు)

డెబ్బై నాలుగేళ్ళొచ్చాయని, ఈరోజు నన్ను నక్క వేట నుంచి శాలువా కప్పి సాగనంపుతున్నారు. భోజనాలకని వచ్చిన కొత్తవాళ్ళు కంగారు పడకండి, నక్క అంటే నిజం నక్క కాదు. అరచేతిలో పట్టే రేడియో పెట్టె. ఒకరు దాన్ని పార్కులో ఎక్కడో దాస్తారు, అది ఆగకుండా కూస్తూ ఉంటుంది, మిగతావాళ్ళం యాంటెనా పట్టుకుని కూత ఏ దిక్కున గట్టిగా వినిపిస్తే ఆ దిక్కుకి నడుస్తాం. ముందు పట్టినవాళ్ళకి కప్పు. ఎవరి వేట వాళ్ళదే, ఇంకొకరి సాయం తీసుకోకూడదు. ఆ రూలు రాసింది నేనే.

ఇండియాలో రేడియోలు రిపేరు చేసి, కెనడా వచ్చి ఒషావాలో కార్లకి వైరింగు చేసిన చేతులు కదా, కొన్న సెట్టు పట్టుకోవడానికి మనసొప్పలేదు. సొంతంగా కట్టుకున్నాను. మీ సెట్లలో సిగ్నలు గీతలు కనిపిస్తాయి. నా దాంట్లో మీటరు లేదు, చెవే మీటరు. “కాశీవిశ్వనాథం గారి చెవి” అని ప్రతి మీటింగులోనూ పొగిడారు. ఆ చెవి పోయి మూడేళ్ళయింది. సన్నటి కూతలూ ఫోనూ వినిపించవు, దగ్గర నుంచి గట్టిగా మాట్లాడితే మాట అందుతుంది.



కుక్కరు ఆరు విజిల్స్ వేసినా నేను కదలకపోయేసరికి సరోజన కనిపెట్టేసింది.

“ఇంక ఆ వేట మానెయ్యండి.”

“మానేస్తే ఆదివారాలు ఏం చెయ్యను?”

చెయ్యి చాపి, “అయితే ఆ ఇయర్‌ఫోను ఇటివ్వండి,” అంది.

“రూలు ఒప్పుకోదే!”

“రూలు రాసినప్పుడు మీ చెవులు బాగున్నాయిగా.”

సెట్టుకి బ్లూటూత్ ముక్క తగిలించాను. ఇయర్‌ఫోను ఆవిడ చెవిలో, పైన మఫ్లరు. మోకాళ్ళ నొప్పి మనిషిని ఒంటరిగా పంపలేనని మీ అందరికీ చెప్పి నా వెంట నడిచేది. కుడి, ఎడమ అంటే మీకు తెలిసిపోతుంది. అందుకని ఆవిడే ఒక పద్ధతి కనిపెట్టింది. కూత పెరిగేకొద్దీ నన్ను తిడుతుంది. తగ్గితే ప్రేమగా మాట్లాడుతుంది. మొగుణ్ణి పెళ్ళాం తిడుతుంటే ఎవరూ చెవి పెట్టి వినరు, మర్యాదకి పక్కకి తప్పుకుంటారు. డాక్టరు గారైతే వంద అడుగులు తప్పుకునేవారు. నవ్వకండి డాక్టరు గారూ, మీ దగ్గరికే వస్తున్నాను. (నవ్వులు)

ఈ వసంతంలో మన కాలేజీ కుర్రాడు లోహిత్ నక్కని సరస్సు ఒడ్డున బెంచీ కింద దాచాడు. ఆ బెంచీ మీద కుక్కతో ఒక కెనడా ఆవిడ కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళేకొద్దీ వెనక నుంచి మొదలయింది.

“కళ్ళు లేవా మీకు? మొద్దు మనిషి! ఎవరు కట్టబెట్టారో నాకు మిమ్మల్ని! నిలబడిపోయారేం, వంగండి!”

వంగాను. ఆ ఆవిడ, నేను తన కాళ్ళ మీద పడుతున్నాననుకుని లేచి నా భుజం పట్టుకుని, మీకు సాయం కావాలా, పోలీసుల్ని పిలవనా అని ఇంగ్లీషులో అడిగింది. కుక్క సరోజన మీద మొరిగింది. నేను పెట్టె తీసి చూపించి కప్పు గెలిచాను. అది మూడో కప్పు. మూడుసార్లూ రెండో స్థానం కేశవరావు గారిదే.

ఆ సంగతి క్లబ్బంతా పాకింది. విద్యమ్మ ఫోనుకి మెసేజ్ పెట్టి, “అంకుల్, ఆర్ యు సేఫ్ ఎట్ హోమ్?” అని అడిగింది. నేను ఎస్ అని కొట్టానే గాని అసలు సంగతి చెప్పలేదు. పోయిన నెల పిక్నిక్‌లో డాక్టరు గారు నలుగురి ముందూ సరోజనతో, “అమ్మా, ఈ వయసులో అంత కోపం మంచిది కాదు, ఒకసారి బీపీ చూపించుకోండి,” అన్నారు. ఆయన తప్పు లేదు, నా మీద జాలితోనే అన్నారు. అది తిట్టు కాదండీ, సిగ్నలు అని ఒక్క మాట అంటే ఆవిడ పరువు నిలిచేది, నా కప్పు పోయేది. ఆవిడ “అలాగేనండీ డాక్టరు గారూ,” అంది, అంతే. నేను పక్కనే నిలబడి పుచ్చకాయ ముక్క తింటున్నాను.

తిరిగొచ్చేటప్పుడు కార్లో, “ఏమండీ, కాళ్ళు నొప్పిగా ఉన్నాయా? ఇంటికెళ్ళగానే వేణ్ణీళ్ళు పెడతాను,” అంది. మూడేళ్ళుగా ఆ గొంతుకి నాకు తెలిసిన అర్థం ఒకటే, నేను దారి తప్పానని.

అందుకని, విద్యమ్మా, ఆ శాలువా నా మీద కప్పకు తల్లీ. కప్పులు మూడూ కారు డిక్కీలో ఉన్నాయి, డాక్టరు గారు పట్టుకెళ్ళాలి. తోమించే తెచ్చాను. తోమింది కూడా ఆవిడే. చెవి మిషను కోసం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. అది కూడా ఆవిడే ఫోన్ చేసి మాట్లాడింది, నాకు ఫోను వినిపించదు కదా. (నవ్వులు)

సరోజనా, నలుగురిలో నిన్ను గయ్యాళిని చేసి నేను మంచివాణ్ణయ్యాను. నలుగురిలోనే చెబుతున్నాను, తప్పు నాది.

నా పేరు క్లబ్బులో ఉంచాలో కొట్టెయ్యాలో కమిటీ నిదానంగా తేల్చుకోవచ్చు. ఇంకో జవాబు మాత్రం త్వరగా కావాలి. పిక్నిక్ దగ్గర్నుంచి ఈ హాల్లో, వెనక వరసలో ఆవిడ పక్క కుర్చీలో ఎవరూ కూర్చోవడం లేదు. ఇప్పుడూ ఖాళీగానే ఉంది, నాకు కళ్ళు బాగానే కనిపిస్తాయి. పది నిమిషాల్లో వడ్డన మొదలుపెడతారు. ఆలోపు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చెప్పండి. నేను కూర్చుంటే అది జవాబు కాదు.

ఇంతసేపు ఓపిగ్గా విన్నందుకు, ఇన్నేళ్ళు నన్ను మీతో తిప్పుకున్నందుకు మీ అందరికీ దణ్ణాలు. మీ జవాబు కోసం ఇక్కడే నిలబడి ఉంటాను, త్వరగా చెప్పండి. సెలవు.

(ముందు వరసలో కుర్చీ జరిగిన చప్పుడు. డాక్టర్ కేశవరావు గారు లేచి వెనక వరసకి నడిచారు.)