కుళ్ళాయప్ప చేసిన పాటల పెట్టె

కుళ్ళాయప్ప ఉండె కదా, మందు ట్యాంకులు బాగు చేసేటోడు, వానికి నోట్లో మాట లేదంట. అంటే మూగోడు కాదులే. మాట ఉంటాది గానీ పెదాలు దాటి బయటికి రాదు. పక్కన కూర్చున్నోడు కూడా రొండుతూర్లు అడిగితే గానీ వాడేమన్నాడో తెలీదు. చెయ్యి మాత్రం, అబ్బో, బంగారు చెయ్యి. వీపుకు తగిలిచ్చుకోని మందు కొట్టే బ్యాటరీ ట్యాంకులు, బోరు మోటర్లు, తిరగని ఫ్యాన్లు, ఏది చెడిపోనీ, తెచ్చి వాని ముందర పెడితే చాలు. దాని పొట్ట విప్పుతాడు, తప్పు యాడుందో పట్టుకుంటాడు, దిద్దుతాడు, మూసేస్తాడు. లోకంలో ఏది చెడిపోయినా యాడో ఒక తీగ తెగిపోయింటాది, దాన్ని అతికిస్తే సరిపోతాది అనేది వాని లెక్క. నువ్వు తలకాయ ఊపుతావుండావు గానీ అబ్బోడా, మనుషుల కాడ ఆ లెక్క పారదు.

ఆ ఏడు వాని మూడెకరాల్లో చెనిక్కాయ ఇరగ్గాసిందంట. చెట్టు పెరికితే గుత్తులు గుత్తులు. మొగుడూ పెండ్లాము ఇద్దరే పెరికితే ఎప్పటికయ్యేది? ఆడకూలోళ్ళు రావాల. మా పక్క ఆడకూలోళ్ళు ఒంటిగా రారు, గుంపుగా వస్తారు, గుంపుకొక పెద్దామె ఉంటాది. ఆ ఊర్లో పెద్దామె సుంకులమ్మ. ఆమె ఎవురి చేన్లో అడుగు పెడితే తక్కిన పదముగ్గురూ ఆ చేన్లోనే, ఆమె తల తిప్పుకుంటే పద్నాలుగు తలకాయలూ తిరుగుతాయి. కుళ్ళాయప్ప పెండ్లాం ఆదెమ్మ పోయి పిలిస్తే, రేపు వస్తాములే అన్యారంట. రేపు పోయి పిలిస్తే ఎల్లుండి అన్యారంట. ఆ ఎల్లుండి పొద్దున్నే చూస్తే పద్నాలుగుమందీ కొడవండ్లు సంకలో పెట్టుకోని వీళ్ళ చేని గట్టుమీద నుంచే నడుచుకుంటా పక్కనుండే కదిరప్ప చేన్లోకి పోయినారు. ఇక్కడేమో ఆకు రాలిపోతావుండాది. ఎంత లేదన్నా పన్నెండు దినాల్లో పెరికేయాల, లేకపోతే తొడిమె ఊడి కాయంతా మట్టిలోనే నిలిచిపోతాది. అది చాలదన్నట్ల టీవీలో తుపాను, తుపాను అని ఒకటే మోత. తడిస్తే చెట్టుమీదనే మొలకలొస్తాయి, ఏడాది కష్టం మన్నుపాలు.

కుళ్ళాయప్ప తట్టుకోలేక గుంపులో చివర పోతావుండే రవణమ్మను ఆపి అడిగినాడంట, మా చేన్లోకి యాల రారమ్మా అని. రవణమ్మ చిన్నపిల్ల, రొండేండ్ల కిందటే కాపురానికొచ్చింది, పెద్దోళ్ళ సంగతి బయట పెట్టలేదు, అట్లని అబద్ధమూ ఆడలేదు. నవ్వి, "కదిరప్పన్న చేన్లో పాటల పెట్టె ఉండాదన్నా, మీ చేన్లో ఏముండాది?" అని తప్పిచ్చుకోని పొయ్యిందంట. కదిరప్ప నిజంగానే టౌను నుంచి ఇంత పెద్ద స్పీకరు తెచ్చి గట్టుమీద పెట్టినాడులే. చుట్టూ రంగురంగుల లైట్లు, దడదడమని పాటలు. మనలో ఎవురన్నా అయితే ఆ పిల్ల నవ్వు చూసి, ఇది పైమాట, లోపల ఇంకేదో ఉండాదని అనుకుంటారా లేదా? ఈయప్పకు అది తట్టలా. తప్పు దొరికింది, పెట్టె లేదు, పెట్టె చేస్తే సరిపోతాది అనుకున్యాడు. ఇంటికొచ్చి చొక్కా విప్పి పనికి కూర్చున్యాడంట.

పాత మందు ట్యాంకుల్లో నుంచి మంచి బ్యాటరీ రొండు ఏరినాడు. టౌనుకు పోయి ఒక చిన్న బోర్డు తెచ్చినాడు, సెల్లులో నుంచి పాట పట్టుకునే బోర్డు, దానికి మైకు పెట్టుకునే బొక్క కూడా ఉంటాది. మూలన పడిన ఆటోలో నుంచి రొండు గుండ్రటి స్పీకర్లు ఊడబెరికినాడు. ఇంక పెట్టె కావాల కదా, వాళ్ళ వంటింటి తలుపునే ఊడదీసి చెక్కలు కోసి, పట్టీలు కొట్టి పెట్టె బిగిచ్చినాడు. ఆదెమ్మ ఒక్కతే చేన్లో వంగి చెట్టు పెరుకుతావుంది, ఈయప్ప ఇంట్లో రంపం లాగుతావుండాడు. చూసినోళ్ళు ఏమనుకుంటారో అని కూడా లేదు. మూడో దినానికి పెట్టె తయారు, పాట పెడితే ఏముందీ, డబ్బాలో ఈగ దూరినట్ల గుయ్యిమనిందంట. వాడు దిగులు పడలా. సందులుంటే శబ్దం కారిపోతాదని రంపపు పొట్టు బంకలో కలిపి సందుసందుకూ మెత్తినాడు. లోపల గోడలకు పాత దిండులో దూది అంటిచ్చినాడు. వెనకపక్క బొక్క చేసి జానెడు పైపు ముక్క దూర్చినాడు, లోపలి గాలి ఆడడానికని. అయినా గానీ, మోత పెరిగింది గానీ గుండెకు తగిలే దెబ్బ మాత్రం రాలేదు.

అప్పుడు ఆదెమ్మ చేన్లో నుంచి వచ్చింది, నడుము పట్టుకోని. ఇదేందో చూద్దామని ఆ రొండు స్పీకర్ల ముందర రొండు అరచేతులూ పెట్టిందంట. పెట్టి, ఇదేందయ్యా, ఒకటి నా చెయ్యి తోస్తావుంటే ఇంగోటి లాగుతావుంది, మన కాపురం మాదిరి అనింది. వాడు ఎగిరి లేసినాడంట. ఒక స్పీకరుకు వైర్లు తిరగేసి కలిపింటాడు, అదీ సంగతి. రెండూ ఒక్కతూరి తోయాల, ఒక్కతూరి లాగాల, అప్పుడే దెబ్బ పలికేది. మార్చి కలిపినాడు. మార్చి మీట నొక్కితే మొదట లోపల నుంచి ఎవురో ఆడమనిషి ఇంగిలీషులో ఏదో ఒక మాట అంటాది, ఆ బోర్డుల్లో అంతేనంట. ఆయమ్మ మాట అయినాక పాట మొదలైతే, దూలం మీద దుమ్ము రాలిందంట నాయనా. ఆదెమ్మ పెట్టెకు పసుపు రాసి బొట్టు పెట్టింది. అప్పటికి ఆరు దినాలు అయిపోయినాయి.

ఏడోనాడు పొద్దున్నే పెట్టెను బండి వెనక కట్టుకోని పోయి చేని గట్టుమీద నిలబెట్టి పాట పెట్టినాడంట. కదిరప్ప పెట్టె దీని ముందర చిన్నబోయింది, నిజమే చెప్తావుండా. ఆడోళ్ళు వస్తావుండారు గట్టెంబడి. వాడు పెట్టె పక్కన నిలబడి ఎదురు చూస్తావుండాడు, పెండ్లికొడుకు మాదిరి. సుంకులమ్మ వచ్చింది. పెట్టెను పైనించి కిందికి చూసింది. నువ్వే చేసినావాప్పా అని అడిగితే ఔనని తలకాయ ఊపినాడు. బాగా చేసినావు అనిందంట. అని, ముందుకు పోయింది. ఆమె వెనక ఒకరెంట ఒకరు పదముగ్గురూ పెట్టెను చూసుకుంటా, దాటుకుంటా కదిరప్ప చేన్లోకి దిగినారు. పాట పాడతానే ఉండాది. వినేటోళ్ళు ఎవురు? కాకులు.

ఆ మద్యాన్నం కుళ్ళాయప్ప గట్టుమీద కూలబడి, ఇంకా ఏమి తప్పుందో చూడాల అని పెట్టె వెనక మూత విప్పబోతే, ఆదెమ్మ వచ్చి వాని చేతిలో మరలు విప్పే తిరుపుళి పెరుక్కునిందంట. పెట్టెలో ఏమీ తప్పు లేదు, మూత ముయ్యి అనింది. పోయినేడు ఏం చేసినావో మర్చిపోతివా అని అడిగింది. వాడు నిజంగానే మర్చిపోయినాడు చూడు. చేసినోనికి గుర్తుండదు, పడినోళ్ళకే గుర్తుంటాది. ఏమైందంటే, చెనిక్కాయ పెరికి పొయ్యేటప్పుడు ప్రతి ఆడమనిషీ ఒడిలో రొండు పిడికిళ్ళు కాయ వేసుకోని పోతాది, ఇంట్లో పిల్లోళ్ళకు. తాతలకాలం నుంచి ఉండేదే, అడిగేది లేదు, ఇచ్చేది లేదు, రైతు ఆ పొద్దు ఇంగోపక్కకు తిరుక్కుంటాడు. పోయినేడు వాన్లు లేక పంట పోయె కదా, ఈయప్పకు కడుపు మంటతో ఏం బుద్ధి పుట్టెనో, పొయ్యే దోవకు అడ్డంగా గట్టుమీద గోతం పరిచి, అందరూ ఒడి దులిపి పొండి అన్యాడంట. అది కూడా గట్టిగా అనలా, గోతాన్ని చూపిచ్చినాడు, అంతే. ముందర ఉండింది సుంకులమ్మ. యాభై ఏండ్లుగా ఆ ఊరి చేన్లన్నీ పెరికిన మనిషి. ఒడి విప్పి దులిపింది, పిడికెడు కాయ పడింది, పోయింది. ఆమె వెనక అందరూ దులిపినారు. ఇదంతా చెప్పి ఆదెమ్మ ఏడ్సిందంట. ఆ పొద్దే చెప్తిని నీకు, నువ్వు వినలా, ఈ పెట్టె చేసేటప్పుడన్నా చెప్దామనుకుంటి, ఏమో పాటకన్నా వస్తారేమో అని నేనూ ఆశపడితి అనింది.

కుళ్ళాయప్ప పెట్టె మూత మూసినాడు. సాయంత్రం సుంకులమ్మ ఇంటికి పోయినాడు. ఆమె పొయ్యి కాడ సంగటి కెలుకుతావుంది. వాడు గడప కాడ నిలబడి గొంతులోనే ఏదో గొణిగినాడంట, తప్పయిపోయిందక్కా అని. ఆమె తెడ్డు ఆపలేదు. ఏమనిందో వినండి. "నాకు చెప్తే నాకొక్కదానికే పోతాదప్పా. గట్టుమీద పద్నాలుగుమంది చేత దులిపిస్తివి, ఇప్పుడొచ్చి నా గడప కాడ గుసగుసమంటే ఎట్ల?" కోపంగా కూడా అనలేదంట, ఉప్పు సరిపోయిందా అని అడిగినట్ల అనింది. సంగటి తిని పోప్పా అని కూడా అనింది. వాడు తినలేక వచ్చేసినాడు. ఆ మాట న్యాయమే కదా. అయితే పద్నాలుగుమందికి వినపడే గొంతు వాని కాడ యాడుండాది? వాని పెండ్లిలో కూడా పెండ్లాం పేరు చెప్పమంటే చెప్పలేక అగచాట్లు పడినోడు.

తెల్లారి కూలోళ్ళంతా నీళ్ళ ట్యాంకు కాడ కూడుకుంటారు కదా, అక్కడికి పెట్టెను బండిమీద కట్టుకోని వచ్చినాడంట, వెంట ఆదెమ్మ కూడా వచ్చింది. పద్నాలుగుమంది ఆడోళ్ళు ఉండారు, ట్రాక్టరు తోలుకోని కదిరప్ప కూడా ఉండాడు, టీ అంగడి కాడ మగోళ్ళు ఉండారు. అందరూ పాట పెడతాడనుకున్యారు. మీట నొక్కినాడు, లోపల ఆయమ్మ ఇంగిలీషులో ఏదో అనింది, అందరూ నవ్విరి. వాడు మైకు చేతికి తీసుకున్యాడు. రొండు చేతుల్తో బిగిచ్చి పట్టుకున్యాడంట. "సుంకులక్కా, అమ్మా అందరూ, పోయినేడు మీ ఒడి దులిపిచ్చినా. పంట పోయిన మంట మీమీద చూపిచ్చినా. మీరు దొంగలు కాదు. తప్పు నాది" అన్యాడు. అంతే. ఆ గొంతు ట్యాంకుకు తగిలి, బడి గోడకు తగిలి ఊరంతా తిరిగిందంట. అంత పెద్ద గొంతు తనదేనా అని వానికే బెదురు పుట్టి మైకు కింద పెట్టేసినాడు.

టీ గలాసులు ఎత్తినవి ఎత్తినట్లే నిలిచిపోయినాయి. సుంకులమ్మ కొంగు దోపుకోని లేసింది. ఆ పెట్టె ఆపప్పా, చెవులు పోతావుండాయి అనింది. అని ఆదెమ్మ పక్కకు తిరిగి, "చేన్లో నీళ్ళ కడవ పెట్టినావా లేదా?" అని అడిగిందంట. ఆదెమ్మకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి గానీ, పెట్టినా పెద్దమ్మా అనింది, పెట్టకపోయినా. కదిరప్ప ఏదో అనబోతే సుంకులమ్మ, నీకు ఇంగ నాలుగు సాళ్ళు మిగిలినాయి, నీది ఎత్తు నేల, వాన పడినా నీళ్ళు నిలవవు, ఎప్పుడైనా పెరకొచ్చు అని నడిచింది. పదముగ్గురూ ఆమె వెనక.

మూడు దినాలు పెరికినారంట, పాటా లేదు, పెట్టే లేదు, వాళ్ళ మాటలు వాళ్ళవి. అయితే మొదటి దినం పొద్దు గూకేటప్పుడు ఏం జరిగిందంటే, ఆడోళ్ళంతా చేతులు కడుక్కోని, ఒడి ఖాళీగా గట్టెక్కినారు. ఒక్కరు కూడా ఒక్క కాయ వేసుకోలేదు. పనికొచ్చినారు గానీ లోపలి పుండు ఇంకా మాని ఉండలేదు అనుకో. ఆదెమ్మ అది చూసి మొగుని చూసింది. కుళ్ళాయప్ప గంప నిండా కాయ ఎత్తుకోని గట్టెంబడి పరిగెత్తినాడంట, పోయి సుంకులమ్మ ముందర నిలబడినాడు. గంప ముందుకు చాపినాడు. ఆమె గంపను చూసింది, వానిని చూసింది. తర్వాత ఒడి పట్టింది. వాడు పోస్తావుండాడు, రొండు పిడికిళ్ళు, నాలుగు పిడికిళ్ళు, కండ్లు కనపడక పోస్తానే ఉండాడు. "చాల్లేరా నాయనా, ముసలిదాన్ని, మొయ్యలేను" అనిందంట ఆమె. వెనక పదముగ్గురూ వరసగా ఒడి పట్టుకోని నిలబడినారు.

వాన పడింది, పదమూడో దినం, ఊరు ఏరయ్యేటట్ల పడింది. అప్పటికి కాయ ఇంట్లో ఉండె. ఆ పెట్టె ఇప్పుడు భజనోళ్ళు వాడుకుంటావుండారు, బాగా పలుకుతాదంట. నోరు మంచిదైతే ఊరు మంచిదని ఊరికే అనలేదు పెద్దోళ్ళు. నోరు లేని కుళ్ళాయప్పకు ఒక మాట అనడానికి ఎనిమిది దినాలు పట్టె, వంటింటి తలుపు పోయె. అయినా వానికి ఆ పెట్టె చేసే విద్దె ఉండె, బతికిపోయె. మీకు అది కూడా లేదు, జాగర్తగా ఉండండి. రోంత మంచినీళ్ళు ఇటియ్యండి.